సంకేతం ఆగిన చోటే అన్వేషణ మొదలుపెట్టిన విజ్ఞాని: ఆచార్య జగదీశ్ చంద్రబోస్ జీవితం

పొలంలో నేల తేమను, వంతెన కంపనాన్ని, నది నీటిమట్టాన్ని గమనించి, తీగ అవసరం లేకుండా సమాచారం పంపే చిన్న చిన్న సెన్సర్లు నేడు సర్వసాధారణమయ్యాయి. వాటిని నిర్మించే ఇంజినీర్లను నిత్యం వేధించే సమస్యలు కొన్నే. సంకేతం దారిలో క్షీణిస్తుంది. ఆకులు, గోడలు, తేమ దాన్ని మింగివేస్తాయి. గ్రాహక పరికరం కొంతకాలానికి మందగిస్తుంది. అప్పుడు వ్యవస్థలోని ఒక భాగానికి మరొక భాగంతో సంబంధం తెగిపోతుంది. ఈ చిక్కులకు మూలమైన ప్రశ్నలను 130 ఏళ్ల క్రితమే కలకత్తాలోని ఒక ఇరుకు గదిలో భారతీయ శాస్త్రవేత్త ఒకరు తన పరిశోధనకు వస్తువుగా స్వీకరించారు. ఆయనే ఆచార్య జగదీశ్ చంద్రబోస్. సంకేతం ఎందుకు అందింది అన్న ప్రశ్నతో పాటు ఎందుకు అందకుండా పోయింది అన్న ప్రశ్నను కూడా అంతే శ్రద్ధతో అడగడం ఆయన ప్రత్యేకత. భౌతికశాస్త్రం నుంచి వృక్షశాస్త్రం దాకా సాగిన ఆయన ప్రస్థానానికి ఆ ప్రశ్నే సూత్రంగా నిలిచింది.

మాతృభాషా పాఠశాల నుంచి కేంబ్రిడ్జికి

బోస్ 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్‌లోని మైమన్‌సింగ్‌లో జన్మించారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. వారి పూర్వీకుల గ్రామం విక్రమపూర్ ప్రాంతంలోని రాడీఖాల్. తండ్రి భగవాన్ చంద్రబోస్ బ్రిటిష్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేట్‌గా పనిచేశారు. ఆయన బ్రహ్మసమాజ అనుయాయి. నాటి ఉన్నతోద్యోగులు తమ పిల్లలను ఆంగ్ల పాఠశాలలకు పంపడం ఆనవాయితీ కాగా, భగవాన్ చంద్ర తన కుమారుణ్ని ముందుగా బెంగాలీ పాఠశాలలో చేర్పించారు. ఇతర భాషలకు ముందు మాతృభాష, ఇతరులకు ముందు తన చుట్టూ ఉన్న సామాన్య జనం తెలియాలన్నది ఆయన అభిమతం. ఆ పాఠశాలలో బాల జగదీశ్‌కు ఒకవైపు తండ్రి వద్ద పనిచేసే ముస్లిం సేవకుని కుమారుడు, మరొకవైపు జాలరి కుమారుడు కూర్చునేవారు. పక్షులు, జంతువులు, నీటి జీవుల గురించి వారు చెప్పిన కథలే ప్రకృతి పట్ల తనలో ఆసక్తిని నాటాయని బోస్ తదనంతర కాలంలో స్మరించుకున్నారు.

1869లో ఆయన కలకత్తాలోని హేర్ పాఠశాలలో, తరువాత సెయింట్ జేవియర్స్ విద్యాసంస్థలో చేరారు. అక్కడి భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఫాదర్ యూజీన్ లాఫాంట్ ప్రయోగాలను ప్రత్యక్షంగా చేసి చూపుతూ బోధించేవారు. ఆ బోధన బోస్‌పై గాఢమైన ముద్ర వేసింది. పట్టభద్రులైన అనంతరం 1880లో వైద్యవిద్య కోసం లండన్ వెళ్లారు. అనారోగ్యం కారణంగా ఆ చదువును విడిచిపెట్టవలసి వచ్చింది. అనంతరం కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలను అభ్యసించారు. అక్కడ లార్డ్ రేలే ఆయన గురువు. గురుశిష్యుల ఆ అనుబంధం తరువాతి కాలంలో బోస్ పరిశోధనలు లండన్ రాయల్ సొసైటీకి చేరడానికి మార్గమైంది.

జీతం ముట్టని మూడేళ్లు

1885లో స్వదేశానికి తిరిగివచ్చిన బోస్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా తాత్కాలిక నియామకం పొందారు. నాటి విద్యాశాఖలో భారతీయ ఆచార్యులకు ఐరోపా వారి జీతంలో మూడింట రెండు వంతులే దక్కేది. నియామకం తాత్కాలికమైనందున అందులోనూ సగమే ఇస్తామన్నారు. సమానమైన పనికి సమానమైన వేతనం లభించనంతవరకు అసలు జీతమే తీసుకోనని బోస్ నిశ్చయించుకున్నారు. మూడు సంవత్సరాల పాటు పైసా ముట్టకుండా పాఠాలు చెప్పారు. ప్రజోపయోగ కార్యక్రమాలలో పెట్టుబడులు పెట్టి తండ్రి అప్పులపాలైన కాలమది. ఆ దశలోనే, 1887లో, దుర్గామోహన్ దాస్ కుమార్తె అబలతో ఆయన వివాహం జరిగింది. బెంగాల్‌లో స్త్రీలకు వైద్యవిద్యలో ప్రవేశం లేని రోజుల్లో మద్రాసు వెళ్లి ఆ విద్యను అభ్యసించిన మహిళ ఆమె. చివరకు ప్రభుత్వం దిగివచ్చింది. బోస్ నియామకాన్ని శాశ్వతం చేసి, గతించిన మూడేళ్లకూ పూర్తి వేతనం చెల్లించింది. ఆ సొమ్ము తండ్రి రుణాలు తీర్చడానికే వినియోగమైంది.

కళాశాలలో పరిశోధనకు తగిన ప్రయోగశాల లేదు. కేవలం 24 చదరపు అడుగుల గదిని ఆయన ప్రయోగశాలగా మార్చుకున్నారు. పరికరాలకు ప్రభుత్వ నిధులు లేకపోవడంతో సొంత సొమ్ము వెచ్చించారు. స్థానిక రేకుపని కార్మికుని సాయంతో వాటిని తానే రూపొందించుకున్నారు. పరిశోధన పనంతా బోధన ముగిసిన తరువాతే సాగేది.

మిల్లీమీటర్లకు కుదించిన తరంగం

విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ హెర్ట్జ్ 1880ల చివరలో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. 1894లో హెర్ట్జ్ అకాల మరణం చెందిన తరువాత ఆయన కృషిని వివరిస్తూ ఆలివర్ లాడ్జ్ చేసిన ప్రసంగం బోస్ దృష్టికి వచ్చింది. అదే ఏడాది తన 36వ జన్మదినాన బోస్ సంపూర్ణంగా పరిశోధనకు అంకితం కావాలని సంకల్పించుకున్నారు.

హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి. అంత పొడవైన తరంగాలు కాంతివలె పరావర్తనం, వక్రీభవనం, ధ్రువణం చెందుతాయని చూపాలంటే పెద్ద పెద్ద అద్దాలు, పట్టకాలు కావాలి. బోస్ తరంగదైర్ఘ్యాన్నే దాదాపు 5 మిల్లీమీటర్లకు కుదించారు. నేటి లెక్కలో అది 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం. దానితో పరికరాలన్నీ ఒక బల్లపై ఇమిడిపోయాయి. గంధకంతో పట్టకాలు చేశారు. రైల్వే కాలపట్టిక పుస్తకపు పుటల మధ్య తగరపు రేకులు ఉంచి ధ్రువణాన్ని పరీక్షించారు. బెంగాల్ పంట అయిన జనుపనార పోగులను మెలిపెట్టి, తరంగపు ధ్రువణ తలాన్ని అది ఎలా తిప్పుతుందో చూపారు.

ఆ పరికరాల నిర్మాణంలోని ప్రతి అంశమూ సంకేత నష్టంపై చేసిన పోరాటమే. విద్యుత్ స్ఫులింగాలు ఎడతెగకుండా వెలువడితే లోహ గోళాల ఉపరితలం గరుకై, తరంగం నిలకడ తప్పుతుంది. అందుకని ఆయన ఒక్కొక్క స్ఫులింగాన్ని విడివిడిగా పుట్టించే పద్ధతిని అనుసరించారు. ఉద్గారిణి నుంచి పక్కలకు చెదిరే తరంగాలు ఫలితాన్ని పాడుచేయకుండా దాన్ని లోహపు పెట్టెలో బంధించి, ఒక గొట్టం గుండా మాత్రమే బయటికి వదిలారు. వచ్చిన తరంగాన్ని ఒడిసిపట్టేందుకు గ్రాహకం ముందు గరాటు వంటి లోహపు మూతిని అమర్చారు. నేటి హార్న్ యాంటెన్నాకు అది పూర్వరూపం. రెండు పట్టకాల మధ్య గాలి ఖాళీని సన్నగా పెంచుతూ, తగ్గిస్తూ తరంగం ఎంత దాటుతుందో, ఎంత ఆగిపోతుందో కూడా కొలిచారు. నష్టాన్ని నివారించడంతో తృప్తి చెందక, దాన్ని కొలవదగిన రాశిగా చూశారన్నమాట.

1895 మేలో తన తొలి పరిశోధన పత్రాన్ని బెంగాల్ ఆసియాటిక్ సొసైటీకి సమర్పించారు. ఆ ఏడాదే తదుపరి పత్రం లార్డ్ రేలే ద్వారా రాయల్ సొసైటీకి చేరింది. కలకత్తా టౌన్‌హాల్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ సమక్షంలో జరిపిన ప్రదర్శనలో, మధ్యన గోడలు అడ్డున్నప్పటికీ, దాదాపు 75 అడుగుల దూరంలోని గంటను మోగించి, మందుగుండును పేల్చి చూపారు. 1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డీఎస్సీ పట్టం ప్రదానం చేసింది. అదే సంవత్సరం లివర్‌పూల్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో, 1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ప్రసంగించారు. పరాధీన దేశం నుంచి వెళ్లి, స్వహస్తాలతో చేసిన పరికరాలతో అక్కడి విజ్ఞానులను మెప్పించిన ఘట్టమది.

అలసిపోయే లోహం

నాటి నిస్తంత్రీ పరిశోధనలన్నిటికీ బలహీనమైన లంకె గ్రాహకమే. దాన్ని కోహిరర్ అనేవారు. గాజు గొట్టంలో లోహపు రజను ఉంచి, దానికి విద్యుత్ ఘటాన్ని కలిపేవారు. తరంగం తాకగానే రజను కణాల మధ్య నిరోధం హఠాత్తుగా తగ్గి విద్యుత్తు ప్రవహించేది. అయితే ఒకసారి స్పందించిన రజను మళ్లీ పూర్వస్థితికి రావాలంటే గొట్టాన్ని తట్టవలసిందే. ఒక్కోసారి కారణం తెలియకుండానే అది స్పందించడం మానేసేది. సంకేతం వస్తున్నా పరికరం మౌనంగా ఉండిపోయేది.

బోస్ రజను స్థానంలో సన్నని ఉక్కు స్ప్రింగులను వరుసగా పేర్చి, వాటిపై ఒత్తిడిని మరతో, విద్యుత్ పీడనాన్ని ఘటంతో నియంత్రించే ఏర్పాటు చేశారు. దానితో గ్రాహకం స్వభావం కొంత అదుపులోకి వచ్చింది. తరువాత వివిధ లోహాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. కొన్నింటి నిరోధం తరంగం తాకినప్పుడు తగ్గగా, పొటాషియం వంటి వాటి నిరోధం పెరగడం, తరంగం ఆగాక దానంతటదే పూర్వస్థితికి రావడం గమనించారు. 1899లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, తట్టే అవసరం లేకుండా తనంతట తానే కోలుకునే కోహిరర్‌ను వర్ణించారు. ఇనుము, పాదరసం, ఇనుము వరుసగా అమరిన ఆ సాధనానికి టెలిఫోన్ శ్రవణిని జోడించారు.

1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రం మీదుగా ఇంగ్లండ్ నుంచి వచ్చిన సంకేతాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లో అందుకున్నట్లు మార్కోనీ ప్రకటించారు. అందుకు ఆయన వాడినది పాదరసపు గ్రాహకమే. ఇటలీ నౌకాదళ కోహిరర్‌గా ప్రసిద్ధమైన ఆ సాధనానికి మూలం బోస్ 1899 నాటి పత్రమేనని పరిశోధకుడు ప్రబీర్ బంద్యోపాధ్యాయ్ 1998లో ఐఈఈఈ ప్రొసీడింగ్స్ పత్రికలో వాదించారు. అంతమాత్రాన రేడియోను బోస్ ఒక్కరే కనిపెట్టారనడం సమంజసం కాదు. సుదూర సమాచార ప్రసారాన్ని వాణిజ్య వ్యవస్థగా మలచినది మార్కోనీ. బోస్ ఆసక్తి ఆ దిశలో లేదు. తరంగ స్వభావం, గ్రాహకపు గుణం ఆయనకు ముఖ్యమయ్యాయి. ఆ రెంటిలో ఆయన చేసిన కృషికి తగిన గుర్తింపు మాత్రం దశాబ్దాల పాటు లభించలేదు.

ఆ మరుగుకు ఆయన స్వభావమూ కొంత కారణమే. విజ్ఞానం నుంచి సొంత లాభం ఆర్జించరాదన్నది ఆయన నియమం. 1901లో లండన్‌లో ఒక టెలిగ్రాఫ్ సంస్థ యజమాని పేటెంటు కోసం ఒత్తిడి చేస్తే తిరస్కరించిన సంగతిని మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూర్‌కు లేఖలో తెలియజేశారు. అయినా సిస్టర్ నివేదిత, అమెరికన్ మిత్రురాలు సారా బుల్ పట్టుబట్టడంతో, గెలీనా అనే సీసపు ఖనిజంతో చేసిన గ్రాహకానికి అమెరికాలో దరఖాస్తు దాఖలైంది. 1904 మార్చి 29న పేటెంటు మంజూరైంది. రేడియో తరంగాలతో పాటు కాంతికి కూడా స్పందించే ఆ సాధనం తొలి అర్ధవాహక గ్రాహకాలలో ఒకటి. దానిపై హక్కులను వినియోగించుకోకుండానే బోస్ కాలదోషం పట్టనిచ్చారు.

లోహం నుంచి మొక్కకు

గ్రాహకాలపై పనిచేస్తున్న సమయంలో ఆయన ఒక విషయం గుర్తించారు. ఎడతెరపి లేకుండా వాడితే కోహిరర్ స్పందన క్రమంగా తగ్గుతుంది. కొంత విరామం ఇస్తే కోలుకుంటుంది. ఆ హెచ్చుతగ్గులను రేఖాచిత్రంగా గీస్తే, అలసిన కండరపు స్పందన రేఖను అది పోలి ఉంది. మరొకరైతే పరికరంలో లోపమని పక్కన పెట్టేవారు. బోస్ దాన్ని ప్రకృతి వేసిన ప్రశ్నగా స్వీకరించారు. లోహంలో, కండరంలో ఉన్న ఈ సామ్యం మధ్యస్థమైన మొక్కలోనూ ఉండాలి కదా అని ఆలోచించారు. 1900లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ భౌతికశాస్త్ర సభలో ఈ విషయాన్ని వివరించారు.

అక్కడినుంచి ఆయనకు ప్రతిఘటన మొదలైంది. 1901 జూన్‌లో రాయల్ సొసైటీలో ఆయన ప్రసంగానికి సర్ జాన్ బర్డన్ శాండర్సన్ వంటి ప్రముఖ శరీరధర్మ శాస్త్రవేత్తలు అభ్యంతరం తెలిపారు. భౌతికశాస్త్రజ్ఞుడు తమ రంగంలోకి రావడం వారికి రుచించలేదు. ఆ పత్రం ప్రచురణకు నోచుకోలేదు. తరంగాలకు గోడలు అడ్డురాకుండా చేసిన శాస్త్రవేత్తకు విద్వత్సమాజమే గోడ అయింది. ఆయన వెనుదీయలేదు. లిన్నియన్ సొసైటీ ఎదుట తన ఫలితాలను ప్రదర్శించారు. జీవ, నిర్జీవ పదార్థాల స్పందనపై 1902లో, మొక్కల స్పందనపై 1906లో గ్రంథాలు వెలువరించారు. ఆయన విదేశాల్లో పరిశోధన కొనసాగించేందుకు ఠాగూర్ పూనికతో త్రిపుర మహారాజు రాధాకిశోర్ మాణిక్య ఆర్థిక సహాయం అందించారు.

అత్తిపత్తి ఆకును తాకితే కొంత దూరంలోని ఆకులు సైతం ముడుచుకుంటాయి. ఆ సమాచారం కాండంలోని నీటి పీడనం వల్ల చేరుతుందని నాటి శాస్త్రవేత్తలు పలువురు భావించేవారు. బోస్ దాన్ని పరీక్షించడానికి తన పాత పద్ధతినే ఆశ్రయించారు. సంకేతం ఎక్కడ ఆగుతుందో చూశారు. కాడలో ఒక భాగాన్ని చల్లబరిస్తే సంకేతం మందగించి, ఆగిపోయింది. మత్తుమందు, విషం ప్రయోగించినా అదే జరిగింది. కేవలం నీటి పీడనమే అయితే ఇలా ఆగవలసిన పని లేదు. కాబట్టి మొక్కలో ప్రయాణించేది జంతువుల నాడీ ప్రేరణ వంటి విద్యుత్ సంకేతమని ఆయన నిర్ధారించారు. ఆ ప్రేరణ వేగాన్ని కొలవడానికి సెకనులో వెయ్యోవంతును సైతం నమోదు చేసే రెజోనెంట్ రికార్డర్‌ను నిర్మించారు. మొక్క ఎదుగుదలను పదివేల రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్‌ను రూపొందించారు. నేటి భాషలో చెప్పాలంటే ఇవన్నీ సెన్సర్లే.

ఆయన నిర్ణయాలన్నీ కాలపరీక్షకు నిలవలేదు. మొక్కలలో రసం పైకి ఎక్కడానికి కణాల స్పందనే కారణమన్న ఆయన సిద్ధాంతాన్ని శాస్త్రలోకం అంగీకరించలేదు. కానీ మొక్కలలో విద్యుత్ సంకేతాలు ఉన్నాయన్న మూల విషయం ఈనాడు స్థిరపడిన సత్యం.

జాతికి అంకితమైన మందిరం

1915లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి పదవీ విరమణ చేసిన బోస్, 1917 నవంబరు 30న తన 59వ జన్మదినాన కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. భౌతిక, జీవశాస్త్రాల నడుమ గోడలు లేని పరిశోధన అక్కడ సాగాలని, ఫలితాలు పేటెంట్ల బంధం లేకుండా లోకానికంతటికీ అందాలని ఆకాంక్షించారు. అదే సంవత్సరం ఆయనకు సర్ బిరుదు లభించింది. ఒకనాడు తన పత్రాన్ని ప్రచురించని రాయల్ సొసైటీయే 1920లో ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహా వంటి మేధావులు ప్రెసిడెన్సీలో ఆయన శిష్యులు. బెంగాలీ సాహిత్యంలోనూ ఆయనకు స్థానముంది. తలనూనెతో తుపాను శాంతించినట్లు 1896లో రాసిన కథ ఆ భాషలోని తొలి విజ్ఞాన కల్పనలలో ఒకటి. ఆయన వ్యాసాల సంపుటి పేరు అవ్యక్త.

1937 నవంబరు 23న, ప్రస్తుత జార్ఖండ్‌లోని గిరిడీలో ఆచార్య బోస్ కన్నుమూశారు. 79వ జన్మదినానికి అప్పటికి వారం రోజులే ఉంది.

మళ్లీ ఆయన దారిలోకి

బోస్ తరువాత రేడియో లోకం పొడవైన తరంగాల వైపు మళ్లింది. అవి దూరం పోగలవు. మిల్లీమీటరు తరంగాలు పోలేవు. 60 గిగాహెర్ట్జ్ వద్ద గాలిలోని ఆక్సిజన్ వాటిని పీల్చుకుంటుంది. దూరంతో సహజంగా కలిగే క్షీణతకు తోడు, కిలోమీటరుకు సుమారు 15 డెసిబెళ్ల నష్టం కలుగుతుంది. అంటే శక్తి దాదాపు ముప్ఫయ్యో వంతుకు పడిపోతుంది. ఆ కారణంగా పనికిరావని పక్కన పెట్టిన తరంగాలే, తక్కువ దూరంలో అధిక సమాచారం పంపవలసిన నేటి అవసరాలకు మళ్లీ ఉపకరిస్తున్నాయి. సంకేతం దూరం పోకపోవడం వల్ల పొరుగు పరికరాలకు ఆటంకం కలగదు. నష్టమే ఇక్కడ ప్రయోజనంగా మారింది. 1894 నుంచి 1896 వరకు బోస్ జరిపిన మిల్లీమీటరు తరంగ ప్రయోగాలను ఐఈఈఈ సంస్థ 2012లో చారిత్రక మైలురాయిగా ప్రకటించింది.

సెన్సర్ల వ్యవస్థలో సంబంధం తెగినప్పుడు లోపం దారిలో ఉందా, ఉద్గారిణిలో ఉందా, గ్రాహకంలో ఉందా అని విడదీసి చూడటమే ఇంజినీర్లకు తొలి పాఠం. కొలిచే సాధనాలు కూడా కొరవడిన కాలంలో బోస్ ఆ పని చేశారు. అందని సంకేతాన్ని వైఫల్యంగా భావించి వదిలేసి ఉంటే ఆయనకు తనంతట కోలుకునే గ్రాహకమూ లభించేది కాదు, మొక్కలోని విద్యుత్ సంకేతమూ లభించేది కాదు. ఆటంకం ఎదురైన చోట ఆగి, దాని కారణాన్ని ఓర్పుతో వెదకడమే ఆచార్య జగదీశ్ చంద్రబోస్ జీవితం భావితరాలకు అందించిన వారసత్వం.